కింగ్స్ గాంబిట్‌కు ప్రతివ్యూహాలు

కింగ్స్ గాంబిట్ చదరంగంలోని అతి ప్రాచీనమైన ప్రారంభ వ్యూహాలలో ఒకటి. ఇందులో తెల్ల పావుల ఆటగాడు రెండవ ఎత్తులోనే ఒక బంటును ఎదుటివాడికి ఎరగా వేస్తాడు. ఆ ఎరను తీసుకోవాలా, వదిలివేయాలా, తీసుకుంటే దానిని ఎంతవరకు కాపాడుకోవాలి అనే ప్రశ్నలకు నల్ల పావుల ఆటగాళ్ళు నాలుగు వందల ఏళ్ళకు పైగా సమాధానాలు వెతుకుతూ వచ్చారు. ఈ వ్యాసంలో ఆ సమాధానాలలో ముఖ్యమైనవి వివరించబడినవి.

గాంబిట్ అనగా ఆట ప్రారంభంలో వేగం కోసం, స్థానబలం కోసం ఒక బంటునో పావునో త్యాగం చేయడం. కాలు అడ్డుపెట్టి పడగొట్టడం అనే అర్థం గల ఇటాలియన్ మాట నుండి ఈ పదం వచ్చింది. స్పెయిన్ దేశపు మతాచార్యుడు, ప్రసిద్ధ ఆటగాడు అయిన రుయ్ లోపెజ్ 1561లో వెలువరించిన గ్రంథంలో దీనిని చదరంగ పదంగా వాడాడు.

వ్యాసంలో వాడిన గుర్తులు

చదరంగపు పావుల పేర్లు ప్రాంతాన్ని బట్టి మారుతుంటాయి. ఇక్కడ ఐమూలగా నడిచే పావును శకటు అని, నిలువుగానూ అడ్డంగానూ నడిచే మూల పావును ఏనుగు అని వ్యవహరించడం జరిగింది. రాజుకు రా, మంత్రికి మ, ఏనుగుకు ఏ, శకటుకు శ, గుర్రానికి గు అనేవి సంక్షిప్త గుర్తులు. బంటుకు గుర్తు లేదు, గడి పేరు మాత్రమే ఉంటుంది. నిలువు వరుసలు తెలుపు వైపు నుండి చూస్తే ఎడమ నుండి కుడికి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్. అడ్డ వరుసలకు 1 నుండి 8 వరకు అంకెలు. × గుర్తు ఎదుటి పావును చంపడాన్ని, + గుర్తు చెక్‌ను, 0-0 రాజు వైపు కాస్లింగ్‌ను సూచిస్తాయి. అంకె తర్వాత మూడు చుక్కలు ఉంటే అది నలుపు వేసిన ఎత్తు.

గాంబిట్ స్వరూపం

ఆట ఇలా మొదలవుతుంది: 1. ఇ4 ఇ5 2. ఎఫ్4.

తెలుపు ఉద్దేశాలు రెండు. మొదటిది, ఇ5 గడిలోని నల్ల బంటును మధ్య నుండి పక్కకు లాగి, ఆ తర్వాత డి4 ఎత్తుతో మధ్య గళ్ళను ఆక్రమించడం. రెండవది, ఎఫ్ నిలువు వరుసను తెరచి, కాస్లింగ్ చేసిన వెంటనే ఏనుగును ఎఫ్7 మీదికి గురిపెట్టడం. ఆట మొదట్లో ఎఫ్7 బంటుకు రాజు తప్ప వేరే కాపలా ఉండదు. కావున పాతకాలపు దాడులు చాలా వరకు ఆ గడి చుట్టూ తిరుగుతాయి.

దీనికి తెలుపు చెల్లించే మూల్యం ఒక బంటు మాత్రమే కాదు. ఎఫ్2 బంటు కదలగానే ఇ1 నుండి హెచ్4 వరకు గల ఐమూల తెరుచుకొని, తెల్ల రాజు ఆచ్ఛాదన లేకుండా మిగులుతాడు. నల్ల మంత్రి డి8 నుండి ఒక్క అంగలో హెచ్4కు వచ్చి చెక్ చెప్పగలదు. నలుపు ప్రతివ్యూహాలన్నీ ఏదో ఒక విధంగా ఈ బలహీనత మీద ఆధారపడినవే.

భారతదేశపు పాత సంప్రదాయపు ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక గడి మాత్రమే నడుస్తుంది. కనుక ఆ పద్ధతిలో ఆడేవారికి రెండవ ఎత్తులో ఈ గాంబిట్ ఎదురయ్యే అవకాశం లేదు. ఇది రెండు గళ్ళ అంగ అమలులోకి వచ్చిన తర్వాత ఐరోపాలో పుట్టిన వ్యూహం.

ఎరను తిరస్కరించడం

నలుపు బంటును తీసుకోకుండా ఆడవచ్చు. వీటిలో అన్నిటికన్నా సహజమైనది 2...శ-సి5. ఇక్కడ కొత్త ఆటగాడికి ఒక సందేహం వస్తుంది: ఇ5 బంటుకు కాపలా లేదు కదా, తెలుపు దానిని తీసుకోదా? 3. ఎఫ్×ఇ5 అని తీసుకుంటే 3...మ-హెచ్4+ వస్తుంది. అప్పుడు 4. జి3 వేస్తే 4...మ×ఇ4+ తో నల్ల మంత్రి రాజుకు చెక్ చెబుతూనే హెచ్1 ఏనుగును కూడా పట్టుకుంటుంది. 4. రా-ఇ2 వేస్తే 4...మ×ఇ4 తోనే ఆటకట్టు. కావున తెలుపు సాధారణంగా 3. గు-ఎఫ్3 ఆడుతుంది, నలుపు 3...డి6 తో ఇ5 బంటును బలపరచుకుంటుంది. సి5లోని శకటు జి1 గడి వరకు గల ఐమూలను అదుపులో ఉంచి, తెలుపు కాస్లింగ్‌ను చాలాకాలం ఆలస్యం చేస్తుంది. కంఠస్థం చేయవలసిన ఎత్తులు తక్కువ కాబట్టి విద్యార్థులకు ఇది అనుకూలమైన మార్గం.

ఎరకు ఎదురు ఎర వేయడం రెండవ పద్ధతి. 2...డి5 3. ఇ×డి5 ఇ4 అనే ఆటకు ఆస్ట్రియా ఆటగాడు ఎర్న్‌స్ట్ ఫాల్క్‌బీర్ పేరు మీద ఫాల్క్‌బీర్ ఎదురు గాంబిట్ అని పేరు. ఇందులో ఒక బంటు తక్కువ ఉండేది నలుపుకే. ఇ4లో నిలిచిన నల్ల బంటు తెల్ల గుర్రాన్ని ఎఫ్3కు రానివ్వదు. అయితే తెలుపు వెంటనే 4. డి3 వేసి ఆ బంటును ప్రశ్నిస్తే నలుపుకు తగినంత ప్రతిఫలం దొరకడం కష్టమని 20వ శతాబ్దపు విశ్లేషకులు నిర్ధారించారు. 19వ శతాబ్దంలో దీనికి ఉన్న భయం తర్వాత లేకుండా పోయింది. దీనికి బదులు 3...సి6 ఆడటం నిమ్జోవిచ్ పేరు మీద ప్రసిద్ధి పొందింది.

ఎరను స్వీకరించడం

2...ఇ×ఎఫ్4 తో నలుపు బంటును తీసుకుంటుంది. గాంబిట్‌ను తిప్పికొట్టాలంటే ముందు దానిని స్వీకరించాలి అని చదరంగంలో ప్రచారంలో ఉన్న మాట. అది సగమే నిజం. తీసుకున్న బంటును పట్టుకుని వేలాడినవారు ఓడిపోయిన ఆటలు ఈ గాంబిట్ చరిత్ర నిండా ఉన్నాయి.

తీసుకున్న తర్వాత తెలుపు సాధారణంగా 3. గు-ఎఫ్3 ఆడుతుంది. ఇది నల్ల మంత్రిని హెచ్4కు రాకుండా ఆపుతుంది. ఇక్కడ నలుపుకు అనేక దారులు ఉన్నాయి.

3...జి5: బంటును నిలుపుకొనే దారి

ఇది అన్నిటికన్నా పాతది. జి5 బంటు ఎఫ్4 బంటుకు కాపలా కాస్తుంది. అంతేకాక జి4కు జరిగి ఎఫ్3 గుర్రాన్ని తరుముతానని బెదిరిస్తుంది. గుర్రం తొలగితే హెచ్4 గడికి నల్ల మంత్రి దారి మళ్ళీ తెరుచుకుంటుంది.

తెలుపు 4. శ-సి4 ఆడితే నలుపు 4...జి4 అని గుర్రం మీదికి వెళ్ళవచ్చు. అప్పుడు తెలుపు 5. 0-0 అంటూ గుర్రాన్ని వదిలివేస్తుంది. దీనికి మూజియో గాంబిట్ అని పేరు. 5...జి×ఎఫ్3 6. మ×ఎఫ్3 తర్వాత తెలుపుకు ఒక గుర్రం లోటు, కాని ఎఫ్ వరుస అంతా తెలుపు చేతిలో ఉంటుంది. ఎదురుగా కూర్చుని ఈ దాడిని గడియారం నడుస్తుండగా ఆపడం సులభం కాదు. దీనిలోకి దిగవలసిన అవసరం కూడా నలుపుకు లేదు. 4...శ-జి7 అనే నిదానమైన ఎత్తు చాలు. హెచ్8 ఏనుగుకు జి7 శకటు కాపలా ఉంటుంది గనుక, తెలుపు 5. హెచ్4 వేసినా నలుపు 5...హెచ్6 తో తన బంట్ల గొలుసును చెదరకుండా నిలుపుకోగలదు. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ ఆటగాడు ఫిలిడోర్ పేరు మీద ప్రసిద్ధమైన స్థితి ఇదే. సరైన దాడికి సరైన రక్షణ ఎదురైతే గాంబిట్ ఎవరికీ గెలుపును ఖాయం చేయదని ఫిలిడోర్ అభిప్రాయపడ్డాడు.

అందువలన తెలుపు గొలుసు బిగియక ముందే దానిని విరగగొట్టడానికి 4. హెచ్4 ఆడుతుంది. ఇప్పుడు 4...జి4 తప్పనిసరి వంటిది. తెల్ల గుర్రం జి5కు దూకితే అది ఆల్గేయర్ గాంబిట్, అక్కడ 5...హెచ్6 తో గుర్రం చిక్కుకుని ఎఫ్7 మీద బలి కావలసి వస్తుంది. ఇ5కు వెళ్తే అది కీసెరిట్‌స్కీ గాంబిట్. రెండవదే బలమైనది. ఇ5 నుండి ఆ గుర్రం జి4 బంటునూ, ఎఫ్7 గడినీ ఒకేసారి చూస్తుంది.

కీసెరిట్‌స్కీ గాంబిట్‌లో నలుపు 5...డి6 ఆడవచ్చు. 6. గు×జి4 గు-ఎఫ్6 అని తీసుకున్న బంటును తిరిగి ఇచ్చివేస్తుంది. బంట్ల లెక్క సమమవుతుంది. కాని తెల్ల రాజు ముందర బంట్లు చెదిరి ఉంటాయి, హెచ్4 బంటు ఒంటరిగా ముందుకు పోయి ఉంటుంది, జి3 గడికి బంటు కాపలా ఉండదు. నలుపు తన పావులను వేగంగా బయటికి తీసుకొనవచ్చు. బంటు విలువ కన్నా ఈ వేగం విలువ ఎక్కువ.

అమర క్రీడ

తెలుపు మూడవ ఎత్తులో గుర్రానికి బదులు శకటును తీయడం కూడా ఉంది (3. శ-సి4). 1851 జూన్ 21న లండన్‌లో జర్మనీ ఆటగాడు అడాల్ఫ్ ఆండర్సన్, లియొనెల్ కీసెరిట్‌స్కీల మధ్య ఈ పద్ధతిలో జరిగిన ఆట అమర క్రీడగా పేరుపొందింది. అది పోటీ ఆట కాదు, స్నేహపూర్వకంగా ఆడినది. ఆండర్సన్ ఒక శకటును, రెండు ఏనుగులను, చివరకు మంత్రిని కూడా బలి ఇచ్చి 23వ ఎత్తులో ఆట కట్టించాడు.

ఈ ఆటను సాధారణంగా తెలుపు ప్రతిభకు ఉదాహరణగా చూపుతారు. నలుపు వైపు నుండి చూస్తే నేర్చుకోవలసినది వేరే ఉంది. కీసెరిట్‌స్కీ వేసిన 22 ఎత్తులలో 8 మంత్రి ఎత్తులే. 3వ ఎత్తులో హెచ్4కు వెళ్ళి చెక్ చెప్పిన మంత్రి ఆ తర్వాత హెచ్6, జి5, జి6 గళ్ళ మధ్య తిరిగి, చివరకు ఏనుగును చంపడానికి ఎ1 మూలకు పోయింది. ఆ మూల నుండి తన రాజును కాపాడే స్థితిలో అది లేదు. నల్ల ఏనుగులు రెండూ, సి8 శకటూ ఆట ముగిసేవరకు పుట్టిన గళ్ళలోనే ఉండిపోయాయి. 3...మ-హెచ్4+ తప్పుడు ఎత్తు కాదు, ఎందుకంటే తెలుపు 4. రా-ఎఫ్1 ఆడి కాస్లింగ్ హక్కును పోగొట్టుకుంటుంది. కాని ఆ తర్వాత మంత్రిని తరుముతూ తెలుపు తన పావులను బయటికి తీసుకొంటుంది. అందుచేత శకటు గాంబిట్‌కు 3...గు-ఎఫ్6 మేలైన సమాధానంగా తర్వాతి కాలంలో స్థిరపడింది.

ఫిషర్ ఓటమి, ఫిషర్ రక్షణ

1960లో అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటాలో జరిగిన పోటీలో 23 ఏళ్ళ బోరిస్ స్పాస్కీ, 17 ఏళ్ళ బాబీ ఫిషర్ మొదటిసారి తలపడ్డారు. స్పాస్కీ కింగ్స్ గాంబిట్ ఆడాడు. ఫిషర్ 3...జి5 తో బదులిచ్చాడు, ఆట కీసెరిట్‌స్కీ గాంబిట్‌లోకి వెళ్ళింది: 4. హెచ్4 జి4 5. గు-ఇ5 గు-ఎఫ్6 6. డి4 డి6 7. గు-డి3 గు×ఇ4. ప్రారంభం ముగిసేసరికి నలుపు పరిస్థితి బాగానే ఉంది. కాని నల్ల రాజు చుట్టూ బంట్లు కరిగిపోయాయి. 20 ఎత్తులు దాటిన తర్వాత ఫిషర్ మంత్రి, శకటులను సరైన గళ్ళలో నిలపలేకపోయాడు. తెలుపు 29. ఏ-ఎఫ్4 వేయగానే, ఇ7లోని శకటు దక్కదని గ్రహించి ఆటను వదులుకున్నాడు. ఆ పోటీలో ఇద్దరూ 15 ఆటలకు 13½ పాయింట్లతో మొదటి స్థానాన్ని పంచుకున్నారు.

ఓటమికి కారణం ప్రారంభం కాకపోయినా ఫిషర్ దానిని ప్రారంభం మీదనే తీర్చుకోదలిచాడు. 1961లో అమెరికన్ చెస్ క్వార్టర్లీ అనే పత్రికలో కింగ్స్ గాంబిట్ గుట్టు రట్టు చేస్తున్నట్లు ఒక వ్యాసం ప్రకటించాడు. తెలుపు రెండవ ఎత్తుతోనే ఓడిపోతుందని అందులో వాదించాడు. అతడు సూచించిన సమాధానం 3...డి6.

ఈ చిన్న ఎత్తులోని తర్కం పై ఆటను చూస్తే సులభంగా అర్థమవుతుంది. కీసెరిట్‌స్కీ గాంబిట్ బలమంతా ఇ5కు దూకే గుర్రంలో ఉంది. డి6లో ముందే బంటు నిలిస్తే ఆ గడి గుర్రానికి దొరకదు. నలుపు జి5 ఎత్తును ఒక ఎత్తు ఆలస్యంగా వేస్తుంది, అంతే తేడా. 4. డి4 జి5 5. హెచ్4 జి4 అయిన తర్వాత తెల్ల గుర్రం జి5కు పోతే 6...ఎఫ్6 తో అది చిక్కుపడుతుంది. మిగిలిన దారి 6. గు-జి1, అనగా బయలుదేరిన గడికే తిరిగి వెళ్ళడం. 4. శ-సి4 ఆడితే నలుపు 4...హెచ్6, ఆ తర్వాత జి5, శ-జి7 వేసి ఫిలిడోర్ నాటి గొలుసును ప్రమాదం లేకుండా కట్టుకుంటుంది.

తెలుపు ఓడిపోతుందన్న మాట మాత్రం అతిశయోక్తి. 6. గు-జి1 తర్వాత నలుపు జి4, ఎఫ్4 బంట్లు ముందుకు పోయి బలహీనపడతాయి, మధ్య గళ్ళు తెలుపు వశంలో ఉంటాయి, ఆట తేలికగా తేలదు. ఫిషర్ కూడా తన తీర్పుకు కట్టుబడలేదు. ఆ తర్వాత తెల్ల పావులతో లారీ ఎవాన్స్ (1963-64 అమెరికా ఛాంపియన్‌షిప్), మినిచ్, వేడ్ (ఇద్దరితో 1968లో వింకోవ్‌సిలో)లపై ఇదే గాంబిట్ ఆడి మూడు ఆటలూ గెలిచాడు. అయితే మూడింటిలోనూ 3. శ-సి4 మాత్రమే ఆడాడు, అనగా తన రక్షణకు తావివ్వలేదు. 1969లో వెలువడిన తన 60 ఆటల పుస్తకంలో స్పాస్కీ చేతిలో ఓడిన ఆటను కూడా చేర్చుకున్నాడు.

3...డి5: తిరిగి ఇచ్చే దారి

బంటును కాపాడుకొనే శ్రమ వద్దనుకునేవారు 3...డి5 ఆడతారు. దీనిని ఆధునిక రక్షణ అని, అబ్బాజియా రక్షణ అని కూడా అంటారు. అబ్బాజియా ప్రస్తుతం క్రొయేషియాలోని ఒపాటియా పట్టణం. 1912లో అక్కడ అందరూ కింగ్స్ గాంబిట్ స్వీకారాన్నే ఆడవలసిన ప్రత్యేక పోటీ జరిగింది, రుడోల్ఫ్ స్పీల్‌మన్ అందులో విజేత. ఇదే స్పీల్‌మన్ 1920ల తొలి భాగంలో ఈ గాంబిట్ రోగశయ్య మీద ఉన్నదని చెబుతూ వ్యాసం రాయడం విశేషం.

4. ఇ×డి5 గు-ఎఫ్6 5. శ-సి4 గు×డి5 6. 0-0 శ-ఇ7 వంటి ఆటలో నలుపు పావులు చకచకా బయటికి వస్తాయి, కాస్లింగ్ కూడా వెంటనే జరుగుతుంది. ఎఫ్4 బంటును కొద్ది ఎత్తుల తర్వాత తెల్ల శకటు తీసుకుంటుంది. అప్పటికి దాడి చల్లారి, రెండు పక్షాలూ సమంగా ఉంటాయి. గాంబిట్ ఆడినవాడికి కావలసినది కల్లోలం. ఈ పద్ధతి దానిని ఇవ్వదు. అందుకే చాలామంది శిక్షకులు కొత్తవారికి దీనిని సూచిస్తారు.

సమమైన ఆట అంటే ఓడిపోని ఆట అని కాదు. 1960లోనే, మార్ డెల్ ప్లాటాకు ముందు, లెనిన్‌గ్రాడ్‌లో జరిగిన సోవియట్ ఛాంపియన్‌షిప్‌లో డేవిడ్ బ్రోన్‌స్టీన్ స్పాస్కీపై 3...డి5 ఆడాడు. అతని బంటు ఒకటి ఇ2 వరకు చేరి ఎఫ్1 ఏనుగును బెదిరించింది. స్పాస్కీ ఏనుగును పట్టించుకోక 15. గు-డి6 ఆడాడు. బ్రోన్‌స్టీన్ గుర్రాన్ని ఎఫ్8కు వెనక్కి తీశాడు, 16. గు×ఎఫ్7 తో కోట కూలింది, 23వ ఎత్తు తర్వాత ఆట ముగిసింది. 1963 నాటి జేమ్స్ బాండ్ చిత్రం ఫ్రమ్ రష్యా విత్ లవ్‌లో కనిపించే చదరంగపు ఘట్టానికి ఈ ఆటే ఆధారం. 2010లో రుమేనియాలోని మెడియాష్‌లో మాగ్నస్ కార్ల్‌సన్ కూడా చైనా ఆటగాడు వాంగ్ యూ పై ఈ రక్షణకు ఎదురుగా గాంబిట్ ఆడి గెలిచాడు.

ఇతర రక్షణలు

3...శ-ఇ7 కన్నింగ్‌హామ్ రక్షణ. శకటు హెచ్4కు వెళ్ళి చెక్ చెప్పి తెల్ల రాజును కాస్లింగ్‌కు ముందే కదిలించడం దీని ఉద్దేశం. 3...హెచ్6 బెకర్ రక్షణ, ఇది కూడా ఫిషర్ ఎత్తు వలెనే జి5కు ముందస్తు ఏర్పాటు. 3...గు-ఎఫ్6 షాలొప్ రక్షణ, 4. ఇ5 గు-హెచ్5 తర్వాత అంచున నిలిచిన గుర్రమే ఎఫ్4 బంటును కాస్తుంది.

నేటి స్థితి

ప్రారంభ వ్యూహాల విజ్ఞానకోశ వర్గీకరణలో కింగ్స్ గాంబిట్‌కు సి30 నుండి సి39 వరకు సంకేతాలు కేటాయించబడ్డాయి. అత్యున్నత స్థాయి పోటీలలో ఇది అరుదు. కంప్యూటర్ విశ్లేషణలు బంటును స్వీకరించిన నలుపుకే కొంత మొగ్గు చూపుతాయి. వేగంగా ఆడే ఆటలలో, క్లబ్బు స్థాయిలో మాత్రం దీని వాడుక తగ్గలేదు, ఎందుకంటే కంప్యూటరు కనుగొనే రక్షణను మనిషి కొద్ది నిమిషాలలో కనుగొనవలసి వస్తుంది.

2012 ఏప్రిల్‌లో చెస్‌బేస్ సంస్థ, కంప్యూటర్ ప్రోగ్రాముల రూపకర్త వాసిక్ రాజ్‌లిక్ ఈ గాంబిట్‌ను సంపూర్ణంగా ఛేదించినట్లు ఒక వార్త ప్రచురించింది. నలుపు బంటును తీసుకున్న తర్వాత 3. శ-ఇ2 ఒక్కటే తెలుపును ఓటమి నుండి తప్పిస్తుందని అందులో ఉంది. అనేకులు నమ్మారు. కొద్ది రోజులలోనే అది ఏప్రిల్ ఫూల్ పరిహాసమని సంస్థ వెల్లడించింది. ఆ సంవత్సరానికి కంప్యూటర్లు పూర్తిగా ఛేదించగలిగినవి బల్ల మీద రాజులతో కలిపి 7 పావులకు మించని స్థితులు మాత్రమే. కింగ్స్ గాంబిట్‌లో నలుపు బంటును తీసుకున్న తర్వాత బల్ల మీద ఇంకా 31 పావులు ఉంటాయి.